గట్టు పక్క మొక్కను విత్తనానికి ఉంచకండి

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

కంది ఎండు తెగులు గురించి పోయిన నెల రాసిన జవాబు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అడిగింది తెగులు గురించే అయినా, తిరిగి తిరిగి అందరూ విత్తనం దగ్గరకే వచ్చారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం విత్తనానికే ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అందులోని పొరపాటు పరిశోధన ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ చేశాను. దానివల్ల నాకు రెండేళ్లు వృథా అయ్యాయి.

ప్రశ్న: మాకు నాలుగెకరాల ఎర్ర చల్క ఉంది. ఆరేళ్ల కిందట పాలెం కంది అనే రకం తెచ్చి వేశాను. ఆ తరువాత మళ్లీ విత్తనం కొనలేదు. ఏటా కోతకు ముందు చేనంతా తిరిగి, గుబురుగా పెరిగి కాయ నిండుగా ఉన్న మొక్కలు నలభై యాభై ఏరుకుంటాను. వాటిని విడిగా కొట్టి, జల్లెడ పట్టి, పెద్ద గింజలు మాత్రమే విత్తనానికి ఉంచుతాను. ఇంత చేసినా దిగుబడి ఎకరాకు నాలుగు క్వింటాళ్లు దాటడం లేదు. పైగా ఇప్పుడు చేను ఒక్క తీరుగా లేదు. కొన్ని మొక్కలు ముందే పూస్తున్నాయి, కొన్ని బాగా వెనకబడుతున్నాయి. నేను చేస్తున్నది తప్పా అమ్మా?
– ఒక రైతు, మద్దూరు, నారాయణపేట జిల్లా

జవాబు: అయ్యా, మీరు చేస్తున్న పని తప్పు కాదు. మంచి మొక్కను ఏరి దాని గింజను నిలబెట్టుకోవడం మన పెద్దల నుంచి వచ్చిన విద్య. ఎండు తెగులును తట్టుకునే మారుతి కంది మీకు తెలిసే ఉంటుంది. 1986లో కర్ణాటకలో విడుదలైన ఆ రకం కోసం ఎవరూ రెండు రకాలను కలపలేదు. దేశవాళీ కంది నమూనాలో తెగులుకు లొంగని మొక్కను ఏరి, దాని సంతానాన్ని మళ్లీ మళ్లీ ఏరుకుంటూ పోతే మారుతి వచ్చింది. ఏరడంలో అంత శక్తి ఉంది. మీ దగ్గర ఆ శక్తి ఎక్కడ వృథా అవుతోందో చూద్దాం.

ఒక మొక్క బాగా కాసిందంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. గింజలోనే ఆ గుణం ఉండవచ్చు, లేదా ఆ మొక్క నిలబడిన జాగా మంచిది కావచ్చు. మొదటిది బిడ్డలకు వెళుతుంది, రెండోది వెళ్లదు. మన కంటికి మాత్రం రెండూ కలిసే కనిపిస్తాయి. గట్టు పక్క మొక్కకు ఒక వైపు పోటీ ఉండదు, అందుకని గుబురుగా కాస్తుంది. నిరుడు పెంట కుప్ప వేసిన చోట మొలిచిన మొక్కా అంతే. పక్క మొక్క ఎండు తెగులుతో చచ్చిపోతే దాని ఎండా నీరూ కూడా మిగిలిన మొక్కకే దక్కుతాయి. చేనంతా తిరిగి మంచివి ఏరినప్పుడు మన చేతికి ఎక్కువగా వచ్చేవి ఇవే. వీటి గింజ మరుసటేడు నడి చేనులో పడితే మామూలు మొక్కే అవుతుంది.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పరిశోధన పొలంలో నాకు ఒక కంది మడి అప్పగించారు. నలభై మొక్కలకు ఎర్ర దారం కట్టాను. ఒక్కోదాన్ని ముట్టుకుని మురిసిపోయాను. మరుసటేడు ఒక్కో మొక్క గింజను ఒక్కో సాలుగా వేశాను. పక్కనే మామూలు విత్తనం సాళ్లు కూడా వేశాను. కాయలు లెక్కపెడితే నా నలభైలో దాదాపు అన్నీ మామూలు సాళ్లతో సమానంగానే ఉన్నాయి. పాత పటం తీసి చూసుకుంటే, దారం కట్టిన మొక్కల్లో ముప్పై ఒకటి మడి పల్లపు కొసన ఉన్నవే. వాన నీరు కాసేపు నిలిచి ఇంకే చోటు అది. నేను ఏరింది కందిని కాదు, తడిని. ఆ రోజు గట్టు మీద కూర్చుని పటం చూసుకున్న సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

ఈసారి ఇలా చేసి చూడండి. ఎకరా చేనును మనసులోనే పది ముక్కలుగా విడగొట్టుకోండి. నాలుగు గుంటలకు ఒక ముక్క అవుతుంది. గట్టు నుంచి రెండు మూడు సాళ్లు వదిలేయండి. ఖాళీ పక్కన ఉన్న మొక్క ఎంత కాసినా దాని జోలికి పోకండి. నాలుగు వైపులా తోటి మొక్కలు ఉన్నవాటిలోనే, ఒక్కో ముక్క నుంచి అయిదేసి ఏరండి. పల్లపు ముక్కలోని మొక్కను పల్లపు మొక్కలతోనే పోల్చండి, మెరకలోని దాన్ని మెరక మొక్కలతోనే. మెరకన ఏరిన అయిదూ పల్లపు వాటి పక్కన వెలవెలబోతూ కనిపిస్తాయి. మనసు ఒప్పుకోదు. అయినా వాటిని వదలకండి. వాటిలోనే అసలు సరుకు ఉండవచ్చు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఎండు తెగులు వచ్చి చుట్టూ మొక్కలన్నీ వాలిపోయిన మూలలో ఒక్కటి పచ్చగా నిలబడి ఉంటే దానికి తప్పకుండా దారం కట్టండి. దానికి తెగులును తట్టుకునే గుణం ఉండవచ్చు, లేదా వేరుకు బూజు తగలక తప్పించుకుని ఉండవచ్చు. ఏది నిజమో తేలాలంటే దాని గింజలను మరుసటేడు అదే మూలలో వేయాలి.

ఇక జల్లెడ సంగతి. మీ చేను లెక్క వేసి చూద్దాం. సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరాకు 22 వేల మొక్కలు పడతాయి. నాలుగు క్వింటాళ్లంటే మొక్కకు 18 గ్రాములు. నూరు గింజలు పది గ్రాములు తూగుతాయనీ, కాయకు సగటున మూడున్నర గింజలు ఉంటాయనీ అనుకుంటే మొక్కకు 52 కాయలు కాసినట్టు. కాయలు 52 నుంచి 70కి పెరిగితే చాలు, ఎకరాకు అయిదు క్వింటాళ్ల పైన వస్తుంది. అదే పెంపు గింజ బరువుతో రావాలంటే నూరు గింజలు పదమూడున్నర గ్రాములు తూగాలి. అంత పెద్ద గింజ కావాలని లాగితే మొక్క కాయల సంఖ్య తగ్గించుకోవడమే ఎక్కువగా చూశాను. ఆరేళ్లుగా మీరు జల్లెడతో పట్టింది దిగుబడిని అంతగా పెంచని గుణాన్ని. చిన్న గింజలైనా 90 కాయలు కాసిన మొక్క మీ జల్లెడ కన్నాల్లోంచి జారిపోయి ఉండవచ్చు. ఏరిన మొక్కల కాయలు లెక్కపెట్టండి. వేళ్లతో లెక్కపెట్టే ఓపిక లేకపోతే ఒక్కో మొక్కను విడిగా కొట్టి, మొత్తం గింజను తక్కెడలో వేయండి. జల్లెడ మాత్రం పక్కన పెట్టండి.

చేను ఒక్క తీరుగా లేదన్నారు. అది తేనెటీగల పని. కంది పువ్వు విచ్చుకునే ముందే మొగ్గలో పుప్పొడి రాలుతుంది కనుక తనకు తానే ఫలదీకరణ చెందుతుందని చాలామంది అనుకుంటారు. సగం నిజం. విచ్చుకున్న పువ్వు మీద తేనెటీగ వాలినప్పుడు పక్క చేను పుప్పొడి కూడా అంటుకుంటుంది. ఈగలు ఎక్కువగా తిరిగే చోట గింజల్లో నాలుగో వంతు దాకా పర పుప్పొడితో పడడం మామూలే. మీ పక్కవాళ్లు ఎవరో స్వల్పకాలిక రకం, ఇంకెవరో దీర్ఘకాలిక రకం వేసి ఉంటారు. ఆరేళ్లలో ఆ రెండూ మీ చేనులోకి వచ్చేశాయి. అందుకే పూత ముందూ వెనకా అవుతోంది.

ఇది పూర్తిగా కీడే అనుకోకండి. బయటి పుప్పొడి మీ చేనులోకి కొత్త తేడాలు తెచ్చింది. తేడా లేని చోట ఏరడానికి ఏమీ ఉండదు. కానీ చల్క నేలలో ఆలస్యంగా పూసే మొక్క ప్రమాదం. వానలు వెనకపట్టాక నేలలో తడి ఉండదు, కాయ నిండదు. కాబట్టి మీ నేలకు సరిపడా కాలంలో పూసిన మొక్కల్లోనే కాయలు ఎక్కువ ఉన్నవాటిని చూడండి. మొక్కల మీద పువ్వులు విచ్చుకోకముందే పలుచటి దోమతెర గుడ్డతో సంచి కుట్టి కట్టగలిగితే ఇంకా మంచిది. సంచి లోపల తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అన్ని మొక్కలకూ కట్టలేరు. పూతకు రాకముందే చూపుకు ఆనిన ఇరవైకి కట్టండి. కోత నాటికి అందులో అయిదో ఆరో నిలుస్తాయి.

కోశాక ఒక్కో మొక్క గింజను విడిగా పొట్లం కట్టి, సగం దాచండి. మిగిలిన సగాన్ని నడి చేనులో ఒక్కో మొక్కకు ఒక్కో సాలుగా వేయండి. ప్రతి అయిదు సాళ్లకు ఒక సాలు కొత్తగా తెచ్చిన ధ్రువీకరణ విత్తనం వేయండి, పోలికకు. ఏ సాలు పక్క సాళ్లను దాటిందో దాని దాచిన సగం గింజే మీ విత్తనం. మొక్కను చూసి మోసపోవచ్చు. పిల్లలన్నీ బాగా కాశాయంటే ఆ గుణం గింజలో ఉన్నట్టే.

ఇదంతా మీరు అర ఎకరంలో చేయండి. మిగిలిన మూడున్నర ఎకరాలకు ఈ వానాకాలం కొత్త విత్తనం తెచ్చుకోండి. మూడేళ్లకొకసారి మార్చడం కందిలో తప్పదు. ధ్రువీకరణ విత్తనం పండించే పొలానికి, వేరే కంది చేనుకు మధ్య నూరు మీటర్ల దూరం ఉండాలన్న నియమం పెట్టింది ఈ తేనెటీగల కోసమే.

ప్రశ్న: ఎంఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను, మేడమ్. ముప్పై కంది రకాల మీద వైవిధ్యం లెక్కలు కట్టాను. పూతకు పట్టే రోజుల్లో అనువంశికత చాలా ఎక్కువ వచ్చింది కానీ జన్యు పురోగతి తక్కువ. మొక్కకు కాయల సంఖ్యలో అనువంశికత దానికంటే తక్కువే, అయినా పురోగతి ఎక్కువ. ఏం రాయాలో పాత థీసిస్‌లు చూసి రాసేశాను. అర్థం మాత్రం కాలేదు.
– వ్యవసాయ విద్యార్థిని, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అర్థం కాలేదని ఒప్పుకుని రాశావు, అందుకు చాలా సంతోషం అమ్మాయీ. ఈ పట్టికలు కట్టేవాళ్లలో చాలామంది అంకెల పక్కన ‘ఎక్కువ’, ‘మధ్యస్థం’, ‘తక్కువ’ అని రాసి పేజీ తిప్పేస్తారు.

బావిని తలచుకో. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయన్నది ఒకటి, ఎంత లోతు ఉన్నాయన్నది మరొకటి. అనువంశికత తేటదనం లాంటిది. నీ మడిలో కనిపించిన తేడాలో ఎంత భాగం జన్యువులది, ఎంత భాగం నేల, నీరు, చేతి పొరపాట్లది అని అది చెబుతుంది. అసలు తేడా ఎంత ఉందో చెప్పదు. నీళ్లు అద్దంలా ఉన్నా మోకాలి బంటి లోతే అయితే ఎన్ని కడవలు తోడగలవు? ఆ తోడుకున్న కడవలే జన్యు పురోగతి, అంటే మేలైనవాటిని ఏరితే పిల్లల సగటు ఎంత పెరుగుతుందన్న అంచనా.

అంకెల్లో పెట్టి చూడు. నీ ముప్పై రకాలు సగటున 110 రోజులకు పూస్తున్నాయనుకుందాం. ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ చెదిరిన తీరు, 3 రోజులు, అనువంశికత 0.9. అందులో మేలైన అయిదు శాతాన్ని ఏరితే వాడే స్థిరాంకం 2.06. దాన్ని 3తో, ఆపైన 0.9తో గుణిస్తే వచ్చే పురోగతి అయిదున్నర రోజులు. సగటులో అయిదు శాతం. ఇప్పుడు కాయలు తీసుకో. సగటు 150, విచలనం 40, అనువంశికత 0.6. అదే లెక్కతో 49 కాయలు. సగటులో మూడో వంతు. తేట తక్కువైనా లోతు ఉంది కనుక ఎక్కువ తోడుకున్నాం.

పూత రోజుల మీద ఏరడం దండగ అని దీని అర్థం కాదు. ఆ ముప్పై రకాల్లో ఆ గుణానికి లోతు లేదని మాత్రమే. అన్నీ ఒకే కాలపరిమితి ఉన్న రకాలు కాబోలు. స్వల్పకాలిక రకాలు నాలుగు కలిపి మళ్లీ వేస్తే అంకె మారిపోతుంది. అనువంశికత కంది గుణం అని రాయకు. ఆ ఏడాది, ఆ మడిలో, ఆ ముప్పై రకాలకు వచ్చిన అంకె అని రాయి.

ఇంకొకటి, ఇది పరీక్షలో నిన్ను ఎవరూ అడగకపోవచ్చు. నీ ప్రయోగం ఒక్క ఏడు, ఒక్క చోట చేసింది. ఆ ఏడు ఆగస్టులో వాన కురిసి ఒక రకానికి కలిసి వచ్చిందనుకో, నీ లెక్క ఆ కలిసిరావడాన్ని కూడా జన్యువుల ఖాతాలోనే వేస్తుంది. అందుకే ఒక్క ఏటి అనువంశికత ఉన్నదానికంటే ఎక్కువగానే కనిపిస్తుంది. ఈ మాట నీ చర్చ అధ్యాయంలో నీ మాటల్లో రెండు వాక్యాలు రాస్తే, చదివేవారికి నువ్వు లెక్క అర్థం చేసుకుని చేశావని తెలుస్తుంది.

దిగుబడి మీద నేరుగా ఏరకుండా కాయల సంఖ్య మీద ఎందుకు ఏరతారని కూడా ఆలోచించు. దిగుబడి చివరి మొత్తం. నేల ఎత్తుపల్లాలు, పురుగు, కోతలో రాలడం అన్నీ అందులో కలిసిపోతాయి. కాయల సంఖ్యకు దిగుబడితో చుట్టరికం గట్టిది, మొక్క నిలబడి ఉండగానే లెక్కించవచ్చు. అయితే కాయతొలుచు పురుగు తిన్న కాయను నువ్వు లెక్కలో వేశావా లేదా అన్నది నోటు పుస్తకంలో రాసుకున్నావా? రాయకపోతే ఇప్పుడే వెళ్లి రాసుకో.

ప్రశ్న: పెసరలో యాదాద్రి రకం వేస్తున్నాం. నాలుగేళ్లుగా లావు గింజలు ఏరి విత్తనం కడుతున్నా గింజ సైజు పెరగడం లేదు. కందిలో ఏరితే మారుతుందంటారు, పెసరలో ఎందుకు మారదు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు నూట ఇరవయ్యేళ్ల కిందటే సమాధానం దొరికింది, అదీ పప్పు జాతి పంటలోనే. డెన్మార్క్‌లో యోహాన్సెన్ అనే శాస్త్రవేత్త చిక్కుడు జాతి గింజలను తీసుకుని, ఒక్కో గింజ సంతానాన్ని విడివిడిగా 19 వరసలుగా పెంచాడు. ఒక్కో వరసలో కొన్నాళ్లు లావు గింజలనే, పక్కన చిన్న గింజలనే ఏరి వేస్తూ పోయాడు. తరాలు గడిచాయి. లావు గింజ పిల్లలకూ చిన్న గింజ పిల్లలకూ సగటు బరువు ఒక్కటే. ఒకే వరసలో కనిపించిన చిన్నా పెద్దా తేడా అంతా కాయలో గింజ కూర్చున్న చోటు, అందిన తిండి వల్ల వచ్చింది. 1903లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. జన్యువును ఇంగ్లిషులో ‘జీన్’ అంటున్నామే, ఆ మాట పెట్టింది కూడా ఆయనే, 1909లో.

పెసర పువ్వు విచ్చుకునే లోపలే తన పుప్పొడితో ఫలదీకరణ అయిపోతుంది. మీరు తెచ్చిన యాదాద్రిలో మొక్కలన్నీ దాదాపు ఒకే అచ్చు. ఆ చేనులో ఏరడానికి వారసత్వపు తేడా మిగల్లేదు. లావు గింజ ఏరడం వల్ల మొలక బలంగా వస్తుంది, అందుకని మానేయనక్కర్లేదు. గింజ సైజే పెరగాలంటే వేరే రకం తెచ్చుకోవాలి.

ప్రశ్న: మన్నెంకొండ కంది అనే హైబ్రిడ్ ఒక బస్తా వేశాను. బాగా కాసింది. దాని గింజనే ఈ ఏడు విత్తనంగా వేయవచ్చా?
– దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: వేయకండి. పప్పుకు వాడుకోండి.

కారణం చెబుతాను. ఐసీపీహెచ్ 2740 అనే హైబ్రిడ్‌కు మన కొండ పేరు పెట్టారు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి పుట్టించిన గింజ. కందిలో రెండు రకాలను చేత్తో కలపడం ఎంత కష్టమో నేను చేసి చూశాను. రేపో ఎల్లుండో విచ్చుకునే మొగ్గ, ఇంకా పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉన్నది, ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య పట్టుకోవాలి. సన్నటి చిమటాతో పెద్ద రేకు వెనక్కి వంచి, పడవలా కూడి ఉన్న లోపలి రేకులను చీల్చాలి. లోపల పది కేసరాలుంటాయి. తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. పదింటినీ తీయాలి, మధ్యనున్న కీలం, అంటే ఆడ భాగపు కాడ, నలగకూడదు. ఒక్క కేసరం మిగిలినా పని పాడు. ఆ తరువాత మగ రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి కీలం కొసకు అద్దాలి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఎండెక్కే సరికి ఓ యాభై మొగ్గలు. వాటిలో ఎక్కువ భాగం వారం లోపల రాలిపోతాయి. నిలిచిన కాయలో నాలుగు గింజలు. ఈ లెక్కన ఎకరాకు సరిపడా హైబ్రిడ్ గింజ ఎన్నాళ్లకు వస్తుంది?

అందుకే పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరే దారి వెతికారు. కందికి దగ్గరి చుట్టమైన అడవి మొక్క ఒకటుంది, కజానస్ కజానిఫోలియస్ అని. దాని కణద్రవ్యంలోకి (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థంలోకి) సాగు కంది జన్యువులను తెచ్చి, పుప్పొడి పుట్టని ఆడ వరసను తయారు చేశారు. పక్కన మగ వరస వేస్తే కలిపే పని తేనెటీగలు చేస్తాయి. మొదటి ఉత్తరం రాసిన రైతు చేను ఒక్క తీరుగా లేకుండా చేసిన ఈగలే ఇక్కడ హైబ్రిడ్ గింజ పుట్టిస్తున్నాయి. అలా వచ్చిన మొదటి తరం మొక్కలు ఒక్క తీరుగా, ఏపుగా ఉంటాయి. వాటి గింజ వేస్తే మాత్రం తాత ముత్తాతల గుణాలన్నీ విడిపోతాయి. కొన్ని మొక్కలకు పుప్పొడే ఉండదు. బాగా కాసిందన్న సంతోషంతో మరుసటేడు పెట్టుబడి పోగొట్టుకోకండి.

ప్రశ్న: మా అత్తగారు ఏటా గట్టు వెంట రెండు సాళ్లు నల్ల కంది వేసేవారు. గింజ చిన్నది, పొట్టు నల్లగా ఉంటుంది. పప్పు త్వరగా ఉడికి కమ్మగా ఉంటుంది. ఆమె పోయాక మూడేళ్లుగా ఎవరూ వేయలేదు. బూడిద కలిపి కుండలో పెట్టిన అర కిలో గింజలు మిగిలాయి. దిగుబడి తక్కువని మా వాళ్లు పారేయమంటున్నారు. నాకు మనసు రావడం లేదు. వీటికి ఏమైనా విలువ ఉందా?
– ఒక గృహిణి, దేవరకొండ, నల్గొండ జిల్లా

జవాబు: పారేయకండి తల్లీ. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించింది మీదే.

కంది పుట్టిల్లు మన దేశమే. దక్కనులోనూ తూర్పు కనుమల పక్కనా వేల ఏళ్లుగా ఒక్కో ఊరు తన నేలకు, తన వంటకు తగ్గ కందిని నిలబెట్టుకుంది. ఇప్పుడు ఊరూరా వేసేది నాలుగైదు విడుదల రకాలే. ఆ రకాల్లో చాలావాటి పూర్వీకులు కూడా ఒకరికొకరు చుట్టాలే. మన కందుల మీద కొత్త తెగులో, వానల్లో మార్పో విరుచుకుపడిన రోజున తట్టుకునే గుణం ఎక్కడో ఒక పాత గింజలోంచి రావాల్సిందే. ఇక్రిశాట్ విత్తన నిధిలో పదమూడు వేలకు పైగా కంది నమూనాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఎవరో ఒక ఇంటి కుండలోంచి, ఏదో ఒక గట్టు మీంచి వచ్చినవే. 2011లో ‘ఆశ’ రకం కంది జన్యుపటంలో చాలా భాగం చదివారు. కానీ పటం చదవడం వేరు, గుణం చేతిలో ఉండడం వేరు. మీ కుండలోని గింజలో ఏ గుణం ఉందో ఎవరూ ఇంకా చూడలేదు.

మీ అత్తగారు గట్టు వెంట వేసేవారన్నారు. గట్టు మీద పడి, ఎరువు లేకుండా, ఎవరూ నీరు పెట్టకుండా ఏటా కాసి, ఏటా విత్తనానికి మిగిలిందంటే ఆ కంది మెట్ట నేలకు బాగా అలవాటు పడిన మొక్క. అలాంటి రకం పెద్ద దిగుబడి ఇవ్వదు. పెద్ద దిగుబడి ఇచ్చే రకంతో కలిపినప్పుడు అది ఇవ్వగలిగింది వేరే ఉంటుంది.

ముందు ఆ గింజ బతికి ఉందో లేదో చూడండి. పుచ్చు లేని గింజలు ఇరవై లెక్కపెట్టి తడి గోనె గుడ్డలో చుట్టి, నీడన పెట్టండి. గుడ్డ ఆరిపోకుండా చూడండి. అయిదారు రోజులకు ఎన్ని మొలిచాయో రాసుకోండి. పది మొలిచినా చాలు. మూడేళ్ల కుండ గింజకు అది మంచి లెక్కే.

రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. వారికి ఒక గుప్పెడు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఊరి పేరు, నేల రంగు, ఎప్పుడు విత్తేవారు, ఎప్పుడు కోసేవారు, పప్పు ఎలా ఉడికేది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కాగితం లేని గింజ అక్కడ ఒక నంబరుగా మిగిలిపోతుంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001 కింద రైతు రకంగా దాన్ని నమోదు చేయించుకునే అవకాశం కూడా ఉంది. రైతుల నుంచి దానికి రుసుము తీసుకోరు.

మిగిలినవి మీ దగ్గరే ఉంచుకోండి. వానాకాలం తొలి వానలకు సగం మాత్రం వేయండి, మిగిలిన సగం కుండలోనే. ఈసారి వేరే కంది చేనుకు ఆనుకున్న గట్టు మీద వద్దు. పూతకు వచ్చే నాటికి చుట్టుపక్కల కందులు లేని చోటు, ఇంటి పెరడైనా సరే, చూసి వేయండి. కాయ నల్లబడ్డాక ఏ ఒక్క మొక్కనూ వదలకుండా, ప్రతి మొక్క నుంచీ కొన్ని గింజలు తీసి కలపండి. ఇక్కడ మీ పని మంచివి ఏరడం కాదు, మీ అత్తగారు నిలబెట్టినదంతా నిలబెట్టడం. మొలకలు ఎన్ని వచ్చాయో నాకు ఒక కార్డు రాయండి.